ఇప్పలగరువు వేడి వంతు

మంచుగొంది మండల కార్యాలయం రికార్డు గదిలో పదకొండు గాజు పెట్టెల్లో పదకొండు పెంపుడు పాములుండేవి. మండలంలోని పదకొండు ఊళ్ళూ ఆ పాముల ఒంటి వేడి మీదే నడిచేవి. పాము వెచ్చగా ఉంటే ఆ ఊరి మనుషులు మామూలుగా నడిచి, మామూలుగా మాట్లాడి, పొద్దు గూకేలోగా పనులు ముగించుకునేవారు. పాము చల్లబడితే ఊరు మందగించేది. ఈ పద్ధతి వచ్చి తొమ్మిదేళ్ళయింది. మొదట్లో కొందరు ఆశ్చర్యపోయారని చెబుతారు గాని, అందుకు రుజువుగా ఆఫీసులో ఏ కాగితమూ లేదు.

పాములను చూసుకునే ఉద్యోగం కిల్లో రత్నాలమ్మది. హోదా రికార్డు అసిస్టెంటు. పెట్టెలో ఒక చివర ముప్పయి రెండు డిగ్రీలు, రెండో చివర ఇరవై అయిదు ఉండాలని, ఎప్పుడు ఎటు జరగాలో పాముకే తెలుసని ఆమెకు శిక్షణలో చెప్పారు. కరెంటు వేడి చాపను పెట్టె అడుగున మూడో వంతు మేరకే పరవాలి. వేడిని కొలిచే తీగ కొసను పాము పడుకునే చోటే ఉంచాలి. గాలిలో వేలాడదీస్తే అది గది సంగతి చెబుతుంది గాని పాము సంగతి చెప్పదు. చల్లగా ఉన్న పాముకు మేత వేయకూడదు. అరగక కక్కేస్తుంది.

కష్టమల్లా గదితోనే. మంచుగొంది కొండ మీది ఊరు, డిసెంబరులో మధ్యాహ్నం పన్నెండింటికి కూడా మంచు వీడదు. అది చాలదన్నట్టు పాముల ఫొటోలు, పొడవులు, బరువులు దాచిన కంప్యూటరు సర్వరు కూడా ఆ గదిలోనే ఉంది. సర్వరు వేడెక్కితే వివరాలు పోతాయి కాబట్టి ఏసీ ఏడాది పొడవునా నడవాలని ఉత్తర్వు. పాములకు వేడి కావాలి, పాముల వివరాలకు చలి కావాలి. రెండు ఉత్తర్వులూ ఒకే తేదీన, ఒకే సంతకంతో వచ్చాయి. రత్నాలమ్మ రెంటినీ పాటించింది. పెట్టెలకు మూడు వైపులా థర్మాకోల్ అట్టలు అంటించింది, జాలీ మూతల మీద సగం మేర దుప్పటి ముక్కలు కప్పింది, నేల చలి ఎక్కకుండా కింద చెక్క పలకలు వేసింది. ప్రతి పెట్టెకూ ఒక చాప. మండల కేంద్రం పాముకు మాత్రం రెండు. ఆఫీసర్లుండే ఊరు అది.

రత్నాలమ్మ పేరు మాత్రం ఏ పాములోనూ లేదు. రికార్డు గదిలో చేరినవాళ్ళ పేరు వాళ్ళ ఊరి పాము నుంచి తీసేస్తారు. లేకపోతే పాము చల్లబడినప్పుడు దాన్ని వెచ్చచేయాల్సిన మనిషే మందగించిపోతుంది. ఆమె సొంతూరు ఇప్పలగరువు. చెల్లెలు చిలకమ్మ ఇప్పటికీ ఆ ఊళ్ళోనే, ఆ ఊరి పాములోనే ఉంది.

డిసెంబరు రెండో సోమవారం ఉదయం రత్నాలమ్మ తాళం తీసి లోపలికి వచ్చేసరికి ఇప్పలగరువు పెట్టె మీద ఇరవై మూడు కనిపించింది. అరచెయ్యి పెట్టి చూసింది. చాప చల్లగా ఉంది. ప్లగ్గు బాగానే ఉంది, తీగ బాగానే ఉంది, చాపే కాలిపోయింది. పాము తన గూట్లో చుట్ట చుట్టుకుని, తల అడుక్కి దాచుకుని ఉంది. ఆమె పక్కనున్న టీ కొట్టు నుంచి రెండు సీసాల్లో వేడినీళ్ళు తెచ్చి, గుడ్డలో చుట్టి గూటి పక్కన పెట్టి, సూపరింటెండెంటు గదికి వెళ్ళింది.

సూపరింటెండెంటు పొట్నూరు జగ్గారావు చెడ్డవాడు కాదు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"చాప కావాలని రాసే ఇండెంటు ఫారం తీసుకెళ్ళమ్మా. గ్రామ సర్ప కమిటీ అధ్యక్షుడు సంతకం పెట్టాలి. ఆ ఊళ్ళోనే పెట్టాలి, బయటి ఊరి సాక్షి ముందు పెట్టాలి."

"బీరువాలో నాలుగు చాపలున్నాయి కద సార్. ఒకటి ఇప్పించండి. సంతకం ఎనక తెస్తాను."

"ఉన్నాయి. ఎవరు లేవన్నారు? ఉన్నవాటికే కదా ఇండెంటు. లేనివాటికి ఇండెంటు ఎందుకూ?"

"ఊరు మందగించిపోనాది సార్. ఆ అధ్యక్షుడూ ఆ ఊరోడే. సంతకం ఎప్పటికి పెడతాడు?"

"అందుకే కాలపరిమితి పెట్టలేదు. ప్రభుత్వం ఆ మాత్రం ఆలోచించదా?"

"మా చెల్లికి నెలలు నిండినాయి సార్. ఈ వారమే."

"శుభం," అన్నాడు జగ్గారావు మనస్ఫూర్తిగా. "మరి తొందరగా వెళ్ళిరా."

ఆ రోజు జీపు దొరకలేదు. రత్నాలమ్మ సాయంత్రం దాకా గంటకోసారి సీసాల్లో నీళ్ళు మార్చింది. ఆమె కళ్ళముందు బొడ్డగొంది కదులుతోంది. రెండేళ్ళ కిందట మండలంలో పన్నెండు పాములుండేవి. బొడ్డగొంది పాము ఎనిమిది రోజులు పదిహేనుకు దిగువన ఉండిపోయింది. తొమ్మిదో రోజున నోరు తెరిచి ఈలలాంటి ఊపిరి తీసి చచ్చిపోయింది. ఊరు మాత్రం అలాగే ఉంది. దారిన పోయేవాళ్ళకు ఇప్పటికీ కనిపిస్తుంది: గడప మీద ఒక ముసలాయన చుట్ట నోటి దాకా తెచ్చి ఆగి ఉంటాడు, బోరింగు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఏదో మాటకు నవ్వబోతూ ఉంటారు. ఆ తర్వాత వచ్చిన సర్వేలో బొడ్డగొందిని తప్పకుండా లెక్కించారు. వలస వెళ్ళినవారు సున్నా అని రాసుకున్నారు.

మంగళవారం పొద్దున ఆమె బయల్దేరేసరికి పెట్టె మీద ఇరవై ఉంది. తను లేనప్పుడు నీళ్ళు మార్చే మనిషి లేడు.

ఊరి మొదట్లోనే జీపు డ్రైవరు బండి ఆపేశాడు. దారికి అడ్డంగా ఒక మనిషి నడుస్తున్నాడు. ఎత్తిన కాలు ఇంకా నేలకు ఆనలేదు.

"ఈయన దాటేసరికి మజ్జానం అయిపోద్ది," అన్నాడు డ్రైవరు. "నువ్వు నడిచి పోమ్మా. నానిక్కడే ఉంటాను."

ఇప్పలగరువులో మనుషులు తప్ప అన్నీ మామూలుగానే ఉన్నాయి. ఒకామె చేటతో రాగులు చెరుగుతోంది. గింజలు ఎప్పుడో నేల మీద పడిపోయాయి, ఆమె చేతులు ఇంకా పైకి లేస్తున్నాయి. కోళ్ళు ఆ గింజలను తీరిగ్గా ఏరుకుంటున్నాయి. చాలా ఇళ్ళలోంచి మాడు వాసన వస్తోంది. పక్క ఊరు రాళ్ళపుట్టు నుంచి వచ్చిన ఆశా కార్యకర్త నూకరత్నం ఇంటింటికీ తిరిగి పొయ్యిల మీద నీళ్ళు చల్లుతోంది. ఆమెది వేరే పాము కాబట్టి ఆమెకు ఏ ఇబ్బందీ లేదు.

"వొచ్చీసినావా అక్కా!" అంటూ పరుగున వచ్చింది. "నిన్న పొద్దున్నుంచీ చెల్లికి నొప్పులు. ఒక్కో నొప్పి గంటున్నర ఉంటంది. మద్దిలో ఇడుపు కూడా అలాగే. నాకేటీ తోచట్లేదు."

చిలకమ్మ చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. పిడికిళ్ళు బిగిసి ఉన్నాయి. నుదుటి మీద చెమట బొట్టు మాత్రం మామూలు వేగంతో కిందికి జారింది. రత్నాలమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. చాలాసేపటికి చిలకమ్మ కళ్ళు ఆమె వైపు తిరిగాయి, పెదాలు విడివడ్డాయి, గొంతులోంచి 'అ' అనే శబ్దం బయల్దేరి సాగుతూ పోయింది. మిగతా మాట కోసం రత్నాలమ్మ కూర్చుంది. రాలేదు.

"బిడ్డ గుండె చూసినావా?"

"ఇన్నాను. నిమిషానికి పదకొండు. పాము లెక్కలో సరిపోద్దని పుస్తకంలో ఉంది. ఉంటే ఉంది గానీ అక్కా, పదకొండంటే నాకు బయ్యంగా ఉన్నాది."

కమిటీ అధ్యక్షుడు కొర్రా బుద్దన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రత్నాలమ్మ ఫారాన్ని అట్ట మీద పెట్టి, వేళ్ళ మధ్య కలం ఇరికించి, సంతకం చోటు చూపించింది. ఆయన విషయం అర్థం చేసుకున్నాడు. ఎందుకంటే కలం కదిలింది. పదకొండున్నరకు 'కొ' పూర్తయింది. ఆయన ముఖంలో ఆత్రం ఉంది. మనిషి శక్తికొద్దీ తొందరపడుతున్నాడని చూస్తేనే తెలుస్తోంది. లెక్క వేయడానికి రత్నాలమ్మకు ఎక్కువసేపు పట్టలేదు. ఇంకా నాలుగు అక్షరాలు, మూడు ఒత్తులు, ఒక తేదీ. పాము ఈలోగా ఇంకా చల్లబడుతుంది, అక్షరాలు ఇంకా నెమ్మదిస్తాయి. ఆమె సాక్షిగా ఉండమని ఫారాన్ని నూకరత్నానికి అప్పజెప్పి జీపు ఎక్కింది.

రెండింటికి ఆఫీసు చేరేసరికి పెట్టె మీద పదహారు. మూత తీసి చెవి పెట్టింది. సన్నగా ఈల లాంటిది వినిపించింది.

సర్పనిబంధనల్లో పద్నాలుగోది, ఒక ఊరి వేడిని మరో ఊరికి మళ్ళించరాదని చెబుతుంది. ఆ నిబంధన గోడ మీద అద్దాల చట్రంలో ఉంది. రత్నాలమ్మ దాని కిందే నిలబడి మండల కేంద్రం పెట్టె అడుగు నుంచి ఒక చాపను లాగి, ఇప్పలగరువు పెట్టె అడుగున పరిచింది. పామును ఒకేసారి వేడి చేస్తే కడుపు కాలుతుంది. అందుకని థర్మోస్టాటును మొదట ఇరవైకి తిప్పింది. అరగంట ఆగి ఇరవై నాలుగు చేసింది. ఇంకో గంటకు ఇరవై ఎనిమిది. నాలుగున్నరకు పాము గూట్లోంచి తల బయటపెట్టి, నాలుక ఒకసారి ఆడించి, నీళ్ళ గిన్నె వైపు పాకింది. ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

అయిదు దాటాక ఫోను మోగింది.

"పుట్టీసినాడక్కా!" నూకరత్నం అరుస్తోంది. "మగపిల్లోడు. ఏడుపు ఇనిపిస్తందా? ఊరంతా ఒక్కసారే మాటాడేస్తన్నారు, ఏటీ ఇనపడట్లేదు. బుద్దన్న సంతకం పెట్టీసినాడు, రేపు తనే తెస్తాడంట."

ఆ రాత్రి రత్నాలమ్మ రెండు రోజుల తర్వాత కడుపు నిండా తిని పడుకుంది.

బుధవారం మండల కేంద్రం పాము ఇరవై రెండుకు దిగింది. ఒక్క చాపతో అంత పెద్ద పెట్టె వెచ్చగా ఉండదు. జగ్గారావు పదింటికి గుమ్మంలో కనిపించాడు, పదకొండున్నరకు కుర్చీలో కూర్చున్నాడు. బుద్దన్న తెచ్చిన ఫారం ఆయన ముందు ఉంది. కళ్ళజోడు జేబులోంచి ముక్కు మీదికి చేరడానికి ముప్పావు గంట పట్టింది. బయట వరండాలో వేర్వేరు ఊళ్ళ నుంచి వచ్చిన పన్నెండు మంది అర్జీలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళందరివీ వెచ్చని పాములే. అయినా ఒక్కరికీ తేడా తెలియలేదు. ఆఫీసులో పని తాము ఎరిగినంతకాలం అలాగే జరుగుతోంది.

మూడింటికి బుద్దన్న రికార్డు గది గుమ్మం దగ్గరికొచ్చాడు.

"అమ్మా, సారు కాగితం మొదటి వరసే సదువుతున్నారు. ఇయ్యాల అవదా?"

"అవదు బుద్దన్న బావా. రేపు రా."

బీరువా తాళంచెవి జగ్గారావు నడుముకు ఉంది. సంతకం పెట్టాల్సిందీ ఆయనే. ఆయన వెచ్చగా ఉంటే తప్ప కొత్త చాప రాదు. ఆయన వెచ్చబడాలంటే ఇప్పలగరువు చల్లబడాలి. రత్నాలమ్మ సాయంత్రం దాకా రెండు పెట్టెల మధ్య నిలబడింది. చివరికి చాపను వెనక్కి మార్చింది.

గురువారం ఉదయానికి మండల కేంద్రం ముప్పయి మూడు, ఇప్పలగరువు పందొమ్మిది. ఎనిమిదింటికే నూకరత్నం ఫోను చేసింది.

"అక్కా, పిల్లోడి నోట్లోనే ఉన్నాది రొమ్ము. గుటక పడట్లేదు. ఆపీసులో ఏటవతంది?"

"ఇంకో రెండు గంటలు సూడు."

పదింటికి జగ్గారావు రికార్డు గదిలోకి వేగంగా వచ్చాడు. చేతిలో పాముల ఉష్ణోగ్రతల పట్టిక ఉంది. ముఖం పాలిపోయి ఉంది.

"మండల కేంద్రం ఇరవై రెండుకు ఎందుకు పడింది?"

"నేనే చాప తీసినాను సార్."

ఆయన గోడ మీది క్యాలెండరు చూశాడు. "ఇవాళ బుధవారం కాదా?"

"గురువారం సార్."

"నాకేమీ తెలియలేదే! కుర్చీలో కూర్చున్నాను, కాగితం చూశాను..." ఆయన గొంతు తగ్గిపోయింది. "బుధవారం మధ్యాహ్నం మా అమ్మాయికి కాలేజీలో ఇంటర్వ్యూ. నేనే తీసుకెళ్తానన్నాను. తయారై కూర్చునే ఉంటుంది."

"ఆ అమ్మాయీ ఈ పాములోదే కద సార్. తయారవుతానే ఉండుంటాది."

జగ్గారావు కుర్చీ కోసం చూశాడు. ఆ గదిలో కుర్చీ లేదు. రత్నాలమ్మ మండల కేంద్రం పెట్టె దగ్గరికి వెళ్ళి ప్లగ్గు మీద చెయ్యి వేసింది.

"కాగితం మీద సంతకం ఉంది సార్, సాక్షి ఉన్నాది. బీరువా తియ్యండి."

"నన్ను బెదిరిస్తున్నావా రత్నాలమ్మా?"

"మా చెల్లి కొడుక్కి రెండ్రోజులు. గుటక పడట్లేదు సార్."

ఆయన ఆ చెయ్యి వైపు చాలాసేపు చూశాడు. పాము నుంచి వచ్చిన మందకొడితనం కాదది, సొంతంగా ఆలోచిస్తున్నాడు. "నువ్వు చాప తీశాక ఈ ఇండెంటు చెల్లదు," అన్నాడు చివరికి. "కాగితం ప్రకారం, బుద్దన్న సంతకం పెట్టేసరికి వాళ్ళ పాము ఇరవై ఎనిమిది మీద ఉంది. వెచ్చగా ఉన్న పాముకు చాప ఎలా ఇస్తాను? ఇస్తే రేపు నా మెడకు చుట్టుకుంటుంది. కొత్త ఇండెంటు పెట్టాలంటే ఇప్పటి చలి మీద కొత్త ఫారం రాయాలి, మళ్ళీ ఆ ఊళ్ళోనే సంతకం పెట్టాలి."

"అంటే సార్?"

"అంటే... ఒక పని చేద్దాం. రోజు విడిచి రోజు. ఒకరోజు ఆ చాప వాళ్ళకు, ఒకరోజు మాకు. ఏ కాగితమూ అక్కర్లేదు. మా అమ్మాయికి వాళ్ళు ఇంకో తేదీ ఇస్తారులే."

రోజు విడిచి రోజయితే బిడ్డ బతుకుతాడని రత్నాలమ్మకు తోచింది. ప్లగ్గు మీద నుంచి చెయ్యి తీసింది. నాలుగు కొత్త చాపలూ బీరువాలోనే ఉండిపోయాయి.

మూడు నెలల తర్వాత జిల్లా కార్యాలయం నుంచి పరిశీలన బృందం వచ్చింది. అర్జీల పుస్తకం తిరగేసి, ఇప్పలగరువు నుంచి ఫిర్యాదులు సగానికి తగ్గాయని గమనించింది. నిజానికి చలి రోజున కౌంటరు దగ్గరికి వచ్చినవాడు అయ్యా అనేలోపు కౌంటరు మూసేసేవారు. ప్రజలు సంతృప్తిగా ఉన్నారని బృందం రాసింది. వంతులవారీ వేడి మండలమంతటా అమలయింది. మూడేసి ఊళ్ళకు ఒక చాప. మిగిలిన చాపలను, బీరువాలోని నాలుగింటితో సహా, జిల్లా సమావేశ మందిరంలో చలిగా ఉంటోందని అక్కడికి పంపించారు. మండల కేంద్రం పాముకు మాత్రం రెండు చాపలూ తిరిగి ఇచ్చేశారు. రత్నాలమ్మకు ప్రశంసాపత్రం వచ్చింది. వంతుల పట్టిక తయారుచేసే పనీ ఆమెకే అప్పగించారు. చాప రోజూ సాయంత్రం అయిదింటికి తరువాతి ఊరి పెట్టె కిందికి మారేది. ఇప్పలగరువుకు ఆమె మంగళవారం, శుక్రవారం రాసింది. సొంతూరని ఒక రోజు ఎక్కువ రాయలేదు. తక్కువా రాయలేదు.

ఊళ్ళు సర్దుకున్నాయి. పెళ్ళిళ్ళకు ముహూర్తం కన్నా ముందు పట్టిక చూసుకున్నారు. ఇప్పలగరువు సంత శుక్రవారానికి మారింది. వేరే రోజుల్లో ఆ ఊళ్ళమీదుగా వెళ్ళే జీపుల వాళ్ళు మనుషులను తప్పించి నడపడం నేర్చుకున్నారు.

చిలకమ్మ కొడుక్కి గోవిందు అని పేరు పెట్టారు. వాడికి రెండేళ్ళ రెండు నెలలు నిండిన మంగళవారం నాడు మండల కేంద్రం నుంచి అంగన్‌వాడీ సూపర్‌వైజరు బరువులు చూడటానికి వచ్చింది. గోవిందును త్రాసులో కూర్చోబెట్టారు. నోట్లో రెండు పళ్ళున్నాయి. నిలబెడితే పడిపోతున్నాడు. సూపర్‌వైజరు కార్డు మీద పుట్టిన తేదీ చూసి, ముల్లు చూసి, మళ్ళీ తేదీ చూసింది.

"ఏం పెడుతున్నావమ్మా బిడ్డకి?"

"రాగంబలి, గుడ్డు. నా పాలు."

"రోజూ పెడుతున్నావా?"

చిలకమ్మ కొంచెం ఆలోచించింది. "రోజూ అంటే... మాకు రోజూ ఉండదు కదమ్మా."

"అదే మీతో వచ్చిన చిక్కు. రోజూ పెట్టాలి," అంది సూపర్‌వైజరు, కసురుకోకుండానే. కార్డు మీద 'వయసుకు తగ్గ ఎదుగుదల లేదు' అని, దాని కింద 'తల్లికి అవగాహన లేదు' అని రాసి, చదివి వినిపించింది. అవగాహన సదస్సు బుధవారం పది గంటలకని, తప్పకుండా రావాలని చెప్పింది.

"అలాగేనమ్మా," అంది చిలకమ్మ. వేలిముద్ర వేసింది.

సూపర్‌వైజరు జీపు వెళ్ళిపోయాక ఆమె టైము కనుక్కుంది. నాలుగు ముప్పావు. గోవిందుకు గబగబా పాలిచ్చి, మూతి తుడిచింది. ఒళ్ళో పడుకోబెట్టుకుని, మెడ వాలిపోకుండా మోచెయ్యి కింద పాత చీర మడత పెట్టుకుంది. గోడకు వీపు ఆనించి, శుక్రవారం దాకా తిమ్మిరెక్కకుండా ఉండేలా కాళ్ళు ఒకటికి రెండుసార్లు సర్దుకుంది. ఇక కదలకుండా కూర్చుంది.